మెత్తబరిచే గది

పురుగుల పిచ్చి ఆ ఇంట్లో ముత్తాతతో మొదలై, మధ్యలో రెండు తరాల్ని వదిలేసి, నేరుగా అక్క నెత్తికెక్కింది. కాలేజీలో ఆమె చెప్పేదీ పురుగుల పాఠాలే. ముత్తాత పెంకుపురుగుల కోసం తిరిగిన దారులన్నీ తానూ తిరిగొస్తానని సెలవు పెట్టి బయలుదేరింది. జీపు తోలడానికి తమ్ముడు తోడు. "తీసుకెళ్ళినవాణ్ణి తీసుకెళ్ళినట్టు నాకు అప్పజెప్పాలి" అంది అమ్మ, గుమ్మంలో నిలబడి. ఆ ముత్తాత చివరి ప్రయాణం నుంచి తిరిగి రాలేదు మరి. అమ్మ భయం అమ్మది.

ఆయన చివరి మజిలీ అడవి అంచున ఒక పాత బంగళా. మిట్టమధ్యాహ్నమే అయినా, ముసురు పట్టి దీపాలు పెట్టే వేళలా ఉంది. కాపలాదారు తాళాలు తీసి, టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళాడు. వెనకవైపు కిటికీ లేని చిన్న గది ఒకటుంది. నేలంతా తడి ఇసుక. నాచు వాసన, దాంతోపాటు నిన్న మొన్న వేసినట్టు కలరా ఉండల వాసన.

లోపలికి అడుగుపెట్టగానే అక్క మొహం వెలిగిపోయింది. "ఒరేయ్, ఇది మెత్తబరిచే గదిరా! ఎండిన పురుగుని ముట్టుకుంటే కాళ్ళు పుటుక్కున విరుగుతాయి. చెమ్మలో పెడితే మెత్తబడతాయి. అప్పుడు ఒక్కో కాలూ విప్పదీసి, కదలకుండా అటూ ఇటూ సూదులు పాతాలి. అందరం డబ్బాలో చేస్తాం, మన ముత్తాత ఏకంగా గదే కట్టాడు!"

"నయం, స్నానాల గదనుకుని చొక్కా విప్పాను కాదు" అన్నాడు తమ్ముడు.

చెమ్మ డబ్బా మూత తెరిచి ఉంచకూడదు. ఏళ్ళ తరబడి చేతికి పట్టిన అలవాటది. ఆ అలవాటుతోనే అక్క వెనక్కి తిరగకుండా తలుపు లాగేసింది.

మళ్ళీ నెట్టింది. తలుపు కదల్లేదు.

భుజం పెట్టి తోసింది. గోడని తోసినట్టుంది. ఫోన్లు జీపులో ఉండిపోయాయి. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి... గోడల మీంచి చెమ్మ జారుతున్న చప్పుడు...

"అక్కా..." తమ్ముడి గొంతు నేల మీంచి వచ్చింది. "నా చెయ్యెందుకు పట్టుకున్నావ్?"

"నేను తలుపు దగ్గరున్నారా..."



"ఒక్కో వేలూ విప్పుతున్నారే... మెల్లిగా... నొప్పేం లేదు..."

అక్క వాడి దగ్గరికి పరిగెత్తబోయింది. పాదాలు లేవలేదు. ఇసుకలో ఏదో సన్నగా, వరసగా దిగుతోంది... సర్... సర్...

"తాతా!" ఏడుపొచ్చేసింది ఆమెకి. "వాడు నీ రక్తమే తాతా... పురుగు కాదు... వదిలెయ్..."

చప్పుడు ఆగింది. ఎండిపోయిన చెయ్యి ఒకటి చీకట్లో ఆమె తల నిమిరింది. ఎంతో ముద్దుగా నిమిరింది.

తర్వాత మళ్ళీ మొదలైంది... సర్... సర్...

ఆమె గొంతు చించుకుని అరిచింది.

తలుపు తెరుచుకుంది. చేతిలో టీ గ్లాసుతో కాపలాదారు. "దీనికి గడియే లేదు కదమ్మా, ఎందుకంత గోల?"

వెలుగు పడ్డ ఇసుకలో తమ్ముడు వెల్లకిలా పడి ఉన్నాడు. చేతులు రెండూ బార్లా చాచి ఉన్నాయి. ప్రతి వేలికీ అటొకటి ఇటొకటి సూదులు, తళతళలాడే కొత్త సూదులు. ఒక్కటీ ఒంట్లో దిగలేదు. కళ్ళు మాత్రం కదులుతున్నాయి. అక్క పాదాలు పెరుక్కుని వెళ్ళి, ఆ సూదులన్నీ పిచ్చిదానిలా లాగి పారేసింది. వాడు దగ్గాడు. పిడికిలి బిగించాడు. వాణ్ణి గుండెలకి హత్తుకుని బావురుమంది.

"పద, ఇంటికి పోదాం పద. అమ్మకి నిన్ను అప్పజెప్పేస్తే చాలు నాకు."

వాణ్ణి నడిపించుకుంటూ గుమ్మం దాకా వచ్చి, ఇందాక తను నిలబడ్డ చోటు చూసింది. తన పాదాల గుర్తుల చుట్టూ సూదులు. ఆ రెండు పాదాలకీ మధ్య, ఇసుకని ఎవరో వేలితో నున్నగా సర్ది, చింతగింజంత చోటు చేశారు. దాని చుట్టూ వెంట్రుకల్లాంటి సూదులు అప్పటికే పాతి ఉన్నాయి.

"ఇక్కడ ఖాళీగా ఉందేంటమ్మా?" అన్నాడు కాపలాదారు, వంగి చూస్తూ.

అక్క పొట్టకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నెల తప్పిన సంగతి ఆమె ఇంకా మొగుడికి కూడా చెప్పలేదు.