మూడో క్యాప్

కార్ఖానా బస్తీలో మా షెడ్డు ముందు సాయంత్రం పూట కూర్చుంటే ఎవరికీ ఏ భయమూ కలగదు. ఒక పక్క ఇరానీ హోటల్, ఇంకో పక్క టైలర్ షాపు, ఎదురుగా కంటోన్మెంట్ గోడ. రోజంతా బస్సుల మోత. ఇంత రద్దీలో దెయ్యానికి జాగా ఎక్కడిది అని నేనే నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వను. చీకటి పడకముందే షట్టర్ దింపి ఇంటికి పోతున్నాను. మా ఆవిడ ఎగతాళి చేస్తే చెయ్యనీ.

నా పేరు తుకారాం. కార్ల ఇంజన్లు విప్పి బిగించడం నా పని. నాకు కోపం ఎక్కువని బజార్లో అందరూ అంటారు, అబద్ధమేం కాదు. బాగా నడిచే కారును తెచ్చి "దీన్ని రేసు కారు చెయ్యండి" అనే పోరగాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆర్థర్ కూడా ఆ మాటే అన్నాడు. కానీ వాణ్ణి తిట్టి పంపలేకపోయాను, ఎందుకంటే అది వాళ్ల అన్న రిచర్డ్ కారు.

నేరేడ్‌మెట్‌లో ఉంటారు వాళ్లు. తల్లి కాంతమణి గారు మిషన్ స్కూల్లో టీచరు. తండ్రి లేడు. రిచర్డ్ నా దగ్గరికి తరచూ వచ్చేవాడు. వస్తే పిలిచేవాడు కాదు, వేలి ఉంగరంతో షట్టర్ మీద తట్టేవాడు. రెండు వెంటవెంటనే, కాస్త ఆగి ఒకటి. పోయిన ఏడు వానాకాలంలో వాడు ఈ కారులో బయటి నుంచి తెప్పించిన రేసు క్యామ్‌షాఫ్ట్ వేసుకుని, ఊరి బయట రోడ్డు మీద వేగంగా పోతుంటే అది విరిగింది. ఇంజన్ పట్టేసింది. చక్రాలు బిగుసుకుపోయి కారు కల్వర్టు కిందికి పల్టీ కొట్టింది. బురద నీళ్లలోంచి వాణ్ణి బయటికి తీసేసరికే ప్రాణం లేదు.

ఏడాది తర్వాత తమ్ముడు అదే కారుకు బయట ఇంజన్, రేకులు బాగుచేయించి నా షెడ్డుకు తోలుకొచ్చాడు. ఆదివారం రేసుంది, అన్న నడపాలనుకున్న రేసు తాను నడుపుతానని. మళ్లీ అలాంటి క్యామే వెయ్యాలట. ఆ తల్లికి మిగిలింది వీడొక్కడే.

క్యామ్‌షాఫ్ట్ అంటే ఇంజన్ నెత్తిన తిరిగే ఇనుప కడ్డీ. దాని మీది గుబ్బలు వాల్వులను ఒత్తి తెరుస్తుంటాయి. రేసు కడ్డీకి గుబ్బలు పెద్దవి, దాని కింద స్ప్రింగులు గట్టివి. అవి కడ్డీని పైకి తోస్తూనే ఉంటాయి. పోత ఇనుము వంగదు, విరుగుతుంది. అందుకే దాన్ని ఐదు చోట్ల క్యాపులనే చిన్న మూతల్లాంటి ముక్కలతో నొక్కి బిగిస్తాం. ఏ క్యాప్ జాగా దానిదే. నంబరు ఉంటుంది, ముందు వైపు చూపించే బాణం గుర్తు ఉంటుంది. ఒక్కటి తిరగబడినా కడ్డీ వెంట్రుకవాసి వంకరగా తిరుగుతుంది, తిరిగి తిరిగి పుటుక్కున పోతుంది.

నేను క్యాపులు విప్పగానే పాత పేపరు మీద వరసగా పెడతాను. ఆ పేపరును ఎవ్వరూ ముట్టకూడదు. మా ఆవిడ దాని మీద టిఫిన్ డబ్బా పెట్టినా ఊరుకోను. అట్లాంటి నా చేతుల్లో ఆర్థర్ తెచ్చిన మొదటి క్యామ్ ఇంజన్ స్టార్ట్ చేసిన కాసేపటికే విరిగింది. విప్పి చూస్తే మూడో క్యాప్ దగ్గర రెండు ముక్కలు. బాణం వెనక్కి చూస్తోంది.

"ఎవడ్రా దీన్ని ముట్టుకుంది?" అని ఆర్థర్ మీద విరుచుకుపడ్డాను.

"నేను షెడ్డు లోపలికే రాలేదు అంకుల్," అన్నాడు పాపం.

రెండోది ఇంకా జాగ్రత్తగా బిగించాను. బాణాల మీద ఎర్ర రంగు కూడా పూశాను. అదీ విరిగింది, అక్కడే. మూడో క్యాప్ ఎర్ర బాణం మళ్లీ వెనక్కే. రాత్రి షట్టర్‌కు తాళం వేసింది నేను, తీసింది నేను. నాకు భయం కాదు, పరువు పోయిందన్న మంట. బజార్లో మొహం ఎట్ల చూపించాలి?

శుక్రవారం మధ్యాహ్నం మూడో క్యామ్ వచ్చింది. దాని వెనకే వానలో గొడుగు వేసుకుని కాంతమణి గారు వచ్చారు. టీ తెప్పిస్తే ముట్టలేదు.

"తుకారాం గారూ, ఇంజన్ బాగుపడలేదని చెప్పెయ్యండి. మీకు పుణ్యం ఉంటుంది."

"గట్ల ఎట్ల చెప్తనమ్మా? నా పని పోతది."

ఆవిడ కాసేపు కారు వైపు చూశారు. "చిన్నప్పుడు మా పెద్దోడు చిన్నోణ్ణి సైకిలు తొక్కనిచ్చేవాడు కాదండీ. పడిపోతాడని భయం. చైను ఊడదీసి దాచేసేవాడు. ఎంత కొట్టినా ఎక్కడ దాచాడో చెప్పేవాడు కాదు." లేచి వెళ్లిపోయారు.

ఆవిడ చెప్పింది నాకు అర్థం కాకపోలేదు. అర్థమైనందుకే కోపం వచ్చింది. చచ్చినోడు వచ్చి నా పని చెడగొడతాడా, నేను చూస్తా అనుకున్నాను. ఈసారి పేపరు ముందు నుంచి లేవలేదు. ఒక్కో క్యాప్ నా చేత్తో పెట్టాను, నా చేత్తో బిగించాను. మూడోదాన్ని రెండుసార్లు తడిమి చూశాను. బాణం ముందుకే ఉంది. పైన కవరు వేసి అప్పుడు ఆర్థర్‌ను పిలిచాను.

వాన పెరిగింది. కరెంటు పోయింది. లాంతరు వెలిగించి కారు మీద పెట్టాను.

"తాళం తిప్పు. అరగంట దాకా ఎక్సలేటర్ మీంచి కాలు తియ్యకు. ఆపినవా, క్యామ్ పాడైతది." కొత్త క్యామ్‌కు అది తప్పనిసరి పద్ధతి. నా ఉస్తాద్ కొట్టి మరీ నేర్పించాడు.

ఇంజన్ అందుకుంది. చక్కగా పలుకుతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. పొడుగు స్క్రూడ్రైవర్ తీసి, మొనను ఇంజన్ కవరు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాను. లోపలి చప్పుళ్లు అట్లనే వింటాం మేము. మొదటి క్యాప్, బాగుంది. రెండోది, బాగుంది. మూడోది...

టక్ టక్.

టక్.

స్క్రూడ్రైవర్ తీసేశాను. అంత వేగంగా తిరిగే ఇంజన్లో అంత తీరిగ్గా ఏదీ తట్టదు. చేతులు తుడుచుకుని మళ్లీ పెట్టాను.

టక్ టక్... టక్.

అప్పుడు వాసన వచ్చింది. నూనె వాసన కాదు. మురిగిన నీళ్ల వాసన, బురద వాసన. నాది సిమెంటు గచ్చు, బురద ఎక్కడిది? లాంతరు వెలుగు కొంచెం తగ్గింది. అయినా చెవి తియ్యలేకపోయాను.

చాలా దగ్గర్నుంచి, గుసగుసగా...

"ఆపన్నా."

"ఏమన్నవ్?" అన్నాను ఆర్థర్‌తో.

"నేనేం అనలేదు అంకుల్." వాడు స్టీరింగ్ ముందు కూర్చుని నవ్వుతున్నాడు. అచ్చం అన్న నవ్వే.

నా చెయ్యి తాళం దాకా పోయింది. తిప్పితే అయిపోయేది. కానీ అరగంట కాలేదు. ఇన్నేళ్లలో నేను ఎన్నడూ మధ్యలో ఆపలేదు. చెయ్యి అక్కడే ఆగిపోయింది, తర్వాత వెనక్కి వచ్చింది. ఆ తట్టడం మెల్లగా తగ్గి... లేకుండా పోయింది.

అరగంట గడిచింది. ఏదీ విరగలేదు. ఆర్థర్ నా చెయ్యి పట్టుకుని ఊపి, "ఇంటికి నడుపుకుంటూ పోయి అమ్మకు చూపిస్తా" అన్నాడు. వద్దనడానికి నా దగ్గర కారణమేముంది? ఎర్ర లైట్లు వానలో మలుపు తిరిగేదాకా చూసి లోపలికొచ్చాను.

పనిముట్లు కడిగి సర్దుతుంటే కరెంటు వచ్చింది. పాత పేపరు ఇంకా బల్ల మీదే ఉంది. దాని మీద ఐదు నూనె మరకలు. మూడో మరక మీద ఒక క్యాప్ ఉంది.

నంబరు మూడు. నేను పూసిన ఎర్ర బాణం. చేతిలోకి తీసుకుంటే కాలింది, నడుస్తున్న ఇంజన్లోంచి అప్పుడే తీసినట్టు.

ఆర్థర్ సెల్లుకు చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. నేరేడ్‌మెట్ ఇంటి నంబరు కొట్టాను. చాలాసేపటికి కాంతమణి గారు ఎత్తారు.

"వచ్చేశాడండీ," అన్నారు. "కారు గేటు దాకా వచ్చి ఆగిపోయిందట. ఇంజన్ పట్టేసిందంటున్నాడు. పోతే పోయింది, నా బిడ్డ ఇంట్లోకొచ్చాడు. ఒళ్లంతా బురద వాసన, తల తుడుచుకుంటున్నాడు."

స్టూలు మీద కూలబడిపోయాను. ఏడుపొచ్చింది నాకు, సిగ్గేముంది చెప్పడానికి.

"మీరు కూడా లోపలికి రండి తుకారాం గారూ," అన్నారావిడ. "గేటు దగ్గర కార్లో కూర్చుని ఫోను చెయ్యడమేంటి?"

"...కార్లనా?"

"కిటికీలోంచి కనిపిస్తున్నారుగా. ముందు సీట్లో."

"అమ్మా, నేను షెడ్డులనే ఉన్న."

ఫోన్లో వాన చప్పుడు. ఆ వెనక, తలుపు మీద...

టక్ టక్.

టక్.

"అమ్మా, ఎవరు?" లోపల్నుంచి ఆర్థర్ గొంతు.

"నువ్వుండు నాన్నా. నేను తీస్తా." ఆవిడ గొంతులో భయం లేదు. నేను ఎక్కువ భయపడింది దానికే. ఫోను పెట్టెయ్యకుండా బల్ల మీద ఉంచినట్టున్నారు. చెప్పుల చప్పుడు దూరమైంది. గడియ తీసిన చప్పుడు వినిపించింది.

నా గుప్పెట్లో క్యాప్ ఒక్కసారిగా చల్లబడింది.

చాలాసేపటికి టీ కప్పులు బల్ల మీద పెడుతున్న చప్పుడు విన్నాను. ఒకటి. రెండు.

కాస్త ఆగి, మూడోది.