వెనక మూడు కిటికీలు

శనివారం ఉదయం ఆరు గంటల పన్నెండు నిమిషాలు. మొదటి షిఫ్ట్ బస్సు శ్రీరాంపూర్ కాలనీ స్టాపులో ఆగింది.

ఆరు పదిహేనుకు అందులో ముగ్గురు చచ్చిపోయి ఉన్నారు. ఆరు ఇరవైకి కాల్చినవాడూ పోయాడు.

ఏడున్నరకల్లా ఎందుకు కాల్చాడో ఊరందరికీ తెలిసిపోయింది, ఒక్క పోలీసులకు తప్ప.

సీఐ వినోద బస్సెక్కేసరికి సీట్ల మీద నెత్తురు ఇంకా ఆరలేదు. పోయినవాళ్ళు వెస్లీ, ఎబినేజర్, యెషయా. ముగ్గురూ బొగ్గుబాయిలో కప్పు కూలకుండా సపోర్టులు నిలబెట్టే పనివాళ్ళు. ముగ్గురిదీ మెథడిస్ట్ చర్చి.

కాల్చింది ఎల్లేశం. వయసు అరవై ఒకటి. ఇరవై రెండేళ్ళు అదే బాయి మీద గార్డుగా చేశాడు. రోజూ ఇదే బస్సులో తిరిగాడు. రిటైరయ్యాక ప్రైవేటు గన్‌మన్‌గా కుదిరాడు. తుపాకీకి లైసెన్సు ఉంది. బస్సు బయట నిలబడి, వెనక మూడు కిటికీల్లోకి మూడు గుండ్లు కాల్చాడు. నాలుగోది తనకు పెట్టుకున్నాడు. జేబులో ఇంకా ఐదు మిగిలాయి.

ముద్దాయి లేడు. చూసినవాళ్ళు ముప్పైమంది ఉన్నారు. ఫైలు మూసేయొచ్చు. కానీ ఎందుకు అన్నది మాత్రం ఫైల్లో ఎక్కడా లేదు.

స్టాపు ఎదుటి హోటల్లో చాయ్ తాగేవాళ్ళ దగ్గర అది కావలసినంత ఉంది.

“సచ్చినోళ్ళు ముగ్గురు కిరస్తానపోళ్ళే. ఇంక చెప్పాల్నా?”

“అరే, మతి చెడ్డదిరా. జూన్‌ల కొడుకు సాగర్ బాయిల సచ్చిపాయె గదా.”

“గదేం కాదు. బిడ్డ సంగతి.”

ఈ మూడోది అంటుకుంది. పదకొండింటికి టీవీ వాళ్ళ ముందు రాజేశం నిలబడ్డాడు. సపోర్ట్ గ్యాంగుకు పెద్ద. వెస్లీ వారంలో రెండుసార్లు ఎల్లేశం ఇంటికి పోయాడనీ, ఎల్లేశం బిడ్డ భూమికతో ‘సంగతి’ ఉందనీ తుండుతో కళ్ళొత్తుకుంటూ చెప్పాడు. మధ్యాహ్నానికి భూమిక ఫొటో ప్రతి ఫోనులో ఉంది. నర్సింగ్ కాలేజీ గుర్తింపు కార్డు మీది ఫొటో. ఆదివారం తెల్లారేసరికి వాళ్ళ క్వార్టర్ గోడ మీద ఎవరో బొగ్గుతో రాశారు. ఆ రాసింది ఇక్కడ చెప్పదగింది కాదు. కుండ మూతికి మూకుడుంది గానీ ఊరి మూతికి లేదు.

ఆదివారం తొమ్మిది నలభైకి వినోద ఆ ఇంట్లో కూర్చుంది. ఎల్లేశం భార్య సమ్మవ్వ గోడకు ఆనుకుని ఉంది. భూమిక తలుపు పక్కన నిలబడింది. ఇరవయ్యేళ్ళుంటాయి.

“వెస్లీ వచ్చిండా?”

“వచ్చిండు.”

“ఎప్పుడు?”

“మంగళవారం పొద్దున పదింటికి. వాకిట్లకెళ్ళే మళ్ళిపోయిండు. గురువారం మళ్ళొచ్చిండు.”

“నీ కోసమా?”

“నన్ను మంచినీళ్ళు గూడ అడగలే మేడం. బాపుతోటి మాట్లాడిండు. తలుపు దగ్గరికేసుకున్నరు.”

“ఏం మాట్లాడుకున్నరు?”

“తెల్వది. పోయేటప్పుడు ఏడ్సుకుంట పోయిండు. బాపు ఆ రోజు బువ్వ ముట్టలే.”

సమ్మవ్వ మెల్లగా తలెత్తింది. “బిడ్డా, నాకన్న నిజం చెప్పు.”

భూమిక తల్లి వైపు చూసిన చూపు వినోద తట్టుకోలేకపోయింది. ఊరు అనడం వేరు, కన్నతల్లి అడగడం వేరు.

“అవ్వా, నువ్వు గూడనా?” అంది భూమిక. ఫోను తీసి వినోద చేతిలో పెట్టింది. “రెండు వందల మెసేజ్‌లు ఉన్నయి. నువ్వు సస్తే పీడ పోతదని రాసిన్రు. పోవాల్నా మేడం?”

వినోద ఉద్యోగంలో పదహారేళ్ళుగా శవాలను చూస్తోంది. అయినా ఆ ఫోను తిరిగివ్వకుండా తన దగ్గరే ఉంచుకుంది.

“రేపటిదాక ఆగు. పొద్దున పదకొండింటికి అందరి ముంగట నిజం చెప్పిస్త. అంతదాక ఏం చెయ్యనని నాకు మాటియ్యి.”

మాట తీసుకుని, ఒక మహిళా కానిస్టేబుల్‌ను ఆ ఇంట్లోనే ఉంచి వెళ్ళింది. సోమవారం పన్నెండింటికి ఆ ముగ్గురినీ సమాధి చేస్తారు. దేనికైనా అప్పటివరకే టైం.

పదకొండున్నరకు వినోద మళ్ళీ బస్సెక్కింది. డ్రైవర్ అరుణ్‌కుమార్ మాత్రం కిందే నిలబడ్డాడు. లోపలికి రాలేనన్నాడు. కిటికీలోంచే ప్రశ్నలు అడిగింది.

“కాల్చినంక ఏం చేసిండు?”

“లోపలికొచ్చిండు. వెస్లీ మంకీ క్యాప్ గుంజి మొకం చూసిండు.”

చచ్చాడో లేదో చూసి పగ తీర్చుకున్నాడని టీవీల్లో నిన్నటి నుంచీ మోగుతోంది.

“తర్వాత?”

“మళ్ళ తొడిగిండు.”

“ఏంది?”

“టోపీ మళ్ళ తొడిగిండు మేడం. చెవులు కప్పేటట్టు. అవతలి ఇద్దరి దిక్కు గూడ చూసిండు. దిగి మెట్ల కాడ కూలవడ్డడు. ఆడనే కాల్చుకున్నడు.”

“ఈ మాట ఎవరికన్న చెప్పినవా?”

“ఎవరడిగిన్రు? కాల్చింది ఎట్లనో అడిగిన్రు గని.”

పగవాడు చెవులకు చలి తగలకుండా టోపీ సర్దుతాడా?

వినోద పంచనామా విప్పింది. తొమ్మిదో వస్తువు: రబ్బరు గాలి దిండు, రింగు ఆకారం, ఒకటి. వెస్లీ కూర్చున్న సీటు మీద దొరికింది. వెస్లీకి ఇరవై ఆరేళ్ళు.

“ఇదెవరిది?”

అంత దుఃఖంలోనూ అరుణ్‌కుమార్ కొంచెం సిగ్గుపడ్డాడు. “రాజేశం కాకది. మొలల ఆపరేషన్ అయినప్పటి నుంచి అది లేంది కూసోలేడు. సీటుకే కట్టి పెడ్తడు.”

“మరి వెస్లీ కిందికి ఎట్లొచ్చింది?”

“వెస్లీ కూసున్నది రాజేశం కాక సీటే గదా మేడం.”

ఆ ‘గదా’ దగ్గర వినోద ఆగిపోయింది. బాయి బస్సులో సీటు నంబర్లుండవు. కానీ ఇరవయ్యేళ్ళుగా ఎవరి సీటు వాళ్ళదే. ఒకరు సెలవు పెట్టినా ఆ సీట్లో ఇంకొకరు కూర్చోరు. షిఫ్ట్ మార్చుకుంటే మాత్రం, ఎవరి బదులు వస్తే వాళ్ళ సీట్లోనే కూర్చోవాలి. ఈ సంగతి కాలనీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలుసు కాబట్టే ఎవరూ చెప్పలేదు.

“మిగతా ఇద్దరివి?”

“ఎబినేజర్‌ది అంబదాస్ సీటు. యెషయాది కొండల్ సీటు. శనివారం సాయంత్రం చర్చిల కోత పండుగ ఉండె. వీళ్ళది రెండో షిఫ్ట్ కదా, పండుగకు అందదని రాజేశం కాక వాళ్ళతోటి షిఫ్ట్ మార్చుకున్నరు. సపోర్ట్ పనోడు సపోర్ట్ పనోనితోటే మార్చుకోవాలె.”

“ఎప్పుడు మాట్లాడుకున్నరు?”

“శుక్రవారం రాత్రి. ఫోన్ల మీదనే.”

“కిటికీల అద్దాల్ల నుంచి లోపలి మొకాలు కనవడ్తయా?”

“యాడ? బయట మంచు, లోపట ఊపిరి. అద్దాలు తెల్లగైతయి. టోపీలు, శాలువలు. మనిషో మూటో తెల్వది.”

వినోద స్టేషన్‌కు వెళ్ళగానే ఒకే ఒక్క ఫైలు తెప్పించింది, జూన్‌లో సాగర్ చనిపోయిన ప్రమాదం ఫైలు. చివరి పేజీలో నాలుగు సంతకాలున్నాయి. 

సోమవారం పదకొండు గంటలు. స్టేషన్ ఆవరణలో శాంతి కమిటీ మీటింగ్ పెట్టారు. చర్చి పెద్దలు, కాలనీ పెద్దలు, రాజేశం, అంబదాస్, కొండల్ వచ్చారు. ముందు వరసలో వెస్లీ తల్లి ఆనందమ్మ తెల్లచీరలో కూర్చుంది. ఓ మూలన సమ్మవ్వ, భూమిక. వాళ్ళ పక్కన రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అక్కడ కూర్చోవడానికి ఎవరూ రాలేదు.

వినోద రబ్బరు దిండును బల్ల మీద పెట్టింది.

“రాజేశం, గిది నీదేనా?”

అతని ముఖం పాలిపోయింది. “నాదే మేడం.”

“టీవీల అంత చెప్పినవు. వెస్లీ నీ సీట్ల కూసొని సచ్చిండని ఎందుకు చెప్పలే?”

“యాది... యాదికి రాలే.”

“ముగ్గురు సచ్చిన్రు. మూడు సీట్లు మీ ముగ్గురియే. ఎల్లేశం ముందున్న కిటికీలన్నీ ఇడిసిపెట్టి వెనక్కి వచ్చిండు. ఇంక ఐదు గుండ్లు ఉన్నా నాలుగో మనిషి మీద కాల్చలే. మతం మీద కోపమా? లోపల ఎవలున్నరో ఆయనకు కనవడలే. బిడ్డ సంగతి మీద కోపమా? వెస్లీ ఆ బస్సుల ఉన్నట్టే ఎరుక లేదు. ఆయన మనుషుల్ని చూసి కాల్చలే. సీట్లను చూసి కాల్చిండు. టోపీ తీసినంకనే తెలిసింది, ఎవల్ని సంపిండో.”

వినోద జూన్ ఫైలు తెరిచి దిండు పక్కన పెట్టింది.

“జూన్‌ల సాగర్ తాగొచ్చి, సపోర్ట్ లేని కాడికి తనంతట తనే పోయిండని రాసిచ్చిన్రు. నాలుగు సంతకాలు. రాజేశం, అంబదాస్, కొండల్. నాలుగోది వెస్లీది. ఆ తర్వాత నెలకే వెస్లీ మీ గ్యాంగు ఇడిసిపెట్టిండు. మొన్న గురువారం ఎల్లేశం కాడికి పోయి ఏడ్సిండు. ఏం చెప్పిండు రాజేశం?”

గుమ్మడికాయల దొంగ ఎవరని అడక్కముందే శనివారం భుజాలు తడుముకున్న మనిషి, ఇప్పుడు తుండుతో ముఖం కప్పుకున్నాడు. పక్కనుంచి కొండల్ ఏడుపు అందుకున్నాడు. అప్పుడు రాజేశం కుర్చీలోంచి జారి నేల మీద కూర్చున్నాడు.

“నేనే పంపిన మేడం. ఇనుప సబ్బల్ లోపల మర్చిపోయినం. చిన్నోడు, జల్ది ఉరికొస్తడని పంపిన. బండ పడ్డది. నౌకర్లు పోతయని గట్ల రాసిచ్చినం. ఆ పోరడు సుక్క ముట్టలే. శనివారం బస్సు చూడంగనే తెలిసింది, గా గుండు నాదని. భయమైంది. బిడ్డ మీదికి తోసిన.”

సమ్మవ్వ కూతురి రెండు చేతులూ పట్టుకుంది.  భూమిక చేతులు విడిపించుకోలేదు. ఏడవలేదు కూడా. తన పేరు మీది మచ్చ కడిగేశారు. తమ్ముడు సాగర్ పేరు మీదిదీ కడిగేశారు. ఆ నిజం తెచ్చి ఇచ్చినవాణ్ణి నాన్నే చంపాడు. ఏ దుఃఖానికి ముందు ఏడవాలో ఆ పిల్లకు తెలియలేదు.

“మేడం.”

ఆనందమ్మ లేచింది.

“నేనే పంపిన.”

“ఎవరినమ్మా?”

“నా కొడుకును. పండుగకు ప్రభు బల్ల ఉంటది. నేను రొట్టె తీసుకోనన్నడు. ఎందుకని అడిగితే, అబద్ధం సంతకం పెట్టిన అన్నడు. ఎల్లేశమన్న కాడికి పోయి కాళ్ళు పట్టుకో, కడుక్కొని రా అని నేనే తోలిన. మంగళవారం వాకిట్లకెళ్ళే తిరిగొస్తే, గురువారం మళ్ళ నేనే తోలిన.” ఆమె వినోద వైపు తిరిగింది. “చెప్పకపోతే బతికేటోడా మేడం?”

వినోద బల్ల దాటి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.  

బయట శవపేటికలతో అంబులెన్స్ వచ్చి నిలిచింది. పన్నెండు కావస్తోంది. చర్చి పెద్దలు ఆనందమ్మను పిలిచారు. రెండడుగులు వేసి ఆగి, మూలకు తిరిగింది.

“సమ్మక్కా, అన్నను ఎప్పుడు తీసుకపోతున్నరు?”

సమ్మవ్వ తల దించుకుంది. భూమిక చెప్పింది.

“మార్చురీలనే ఉన్నడు పెద్దవ్వా. పాడె పట్టనీకి ఎవరు వస్తలేరు. నేను, అవ్వ ఇద్దరమే.”

ఆనందమ్మ ఆ పిల్లనే చూస్తూ నిలబడింది. అందరూ ఏదో శాపం వింటామనుకున్నారు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

“జర ఆగుర్రి బిడ్డా,” అంది. “నా కొడుకును మట్టిల పెట్టి వస్త.”