దీపం నక్క మీద కోపం

పిచ్చుక లైబ్రరీలోకి వచ్చిన తీరు చూసి టీచర్ కళ్ళజోడు పైకి తోసుకుంది. ఎప్పుడూ పిచ్చుక కంటే ముందు పిచ్చుక మాటలు గదిలోకి వస్తాయి. అందుకే కదా స్కూల్లో అందరూ ఆ అమ్మాయిని పిచ్చుక అంటారు! ఆ శుక్రవారం మాత్రం మాటలు లేవు. మొహం కందగడ్డలా ఉంది.

చేతిలో ఒక లావుపాటి పుస్తకం ఉంది. దాని పేరు ‘గాజు కొండ కథలు, అయిదో భాగం’.

"అప్పుడే అయిపోయిందా?" అంది టీచర్. "నిన్నేగా తీసుకెళ్ళావు!"

"అయిపోయింది టీచర్," అని పిచ్చుక పుస్తకాన్ని టేబుల్ మీద పెట్టింది. పెట్టింది అనడం మర్యాద కోసం. నిజానికి పడేసింది.

ఆ పుస్తకం కోసం పిల్లలు ఏడాదిగా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశారు. స్కూల్‌కి వచ్చింది ఒక్కటే కాపీ. గోడ మీద లిస్టు పెట్టారు. పద్నాలుగు పేర్లు ఉన్నాయి. మొదటి పేరు పిచ్చుకది. లిస్టు పెట్టే రోజున ఆమె లైబ్రరీ తాళం తీయకముందే వచ్చి గుమ్మంలో నిలబడింది మరి.

ఆ లైబ్రరీలో ఒక పద్ధతి ఉంది. కొత్త పుస్తకం వస్తే దాని అర పక్కన మేకుకి ఒక నోట్‌బుక్ వేలాడదీస్తారు. చదివినవాళ్ళు అందులో తమ అభిప్రాయం రాయాలి. ప్రతి పేజీ పైన ఒక చిన్న గడి ఉంటుంది. ‘చివరి పేజీ దాకా చదివాను’ అని దాని పక్కనే రాసి ఉంటుంది. అక్కడ టిక్ పెట్టాకే కింద రాయాలి.

పిచ్చుక పెన్ను తీసింది. గడి దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత చటుక్కున టిక్ పెట్టేసింది.

అది అబద్ధం. ఆమె పదకొండో అధ్యాయం దాకానే చదివింది.

ఆ కథలో ఒక ముసలి నక్క ఉంది. దాని తోక దీపంలా వెలుగుతుంది. తప్పిపోయిన అక్కాతమ్ముళ్ళిద్దరికి నాలుగు పుస్తకాలుగా అదే దారి చూపిస్తోంది. తిడుతుంది, గొణుగుతుంది, నిద్రలో గురక పెడుతుంది. పిచ్చుకకి ఆ నక్కంటే ప్రాణం. పదకొండో అధ్యాయంలో మంచులో పడిపోయి ఆ నక్క కళ్ళు మూసుకుంది. తోకలో వెలుగు ఆరిపోయింది. పిచ్చుక టప్పున పుస్తకం మూసేసి, దుప్పటిలో దూరి ఏడ్చింది. పొద్దున లేచేసరికి ఏడుపు కాస్తా కోపంగా మారింది.

ఇదిగో, ఆమె రాసింది ఇది:

‘ఈ పుస్తకం ఎవ్వరూ చదవొద్దు!!! ఇది పెద్ద మోసం. రాసినవాళ్ళకి మనసే లేదు. పదకొండో అధ్యాయంలో దీపం నక్క చచ్చిపోతుంది. ఇంక ఎందుకు చదవాలి?’

అన్నం బెల్లు కొట్టాక పిచ్చుక మళ్ళీ అటు వెళ్ళి లిస్టు చూసింది. పద్నాలుగు పేర్లలో తొమ్మిది కొట్టేసి ఉన్నాయి.

‘నా మాట ఇంతమంది విన్నారే!’ అనుకుంది. కాస్త గర్వంగానే అనిపించింది. అప్పుడు రెండో పేరు కనిపించింది. అదీ కొట్టేసి ఉంది. మిగతావాళ్ళలా అడ్డదిడ్డంగా కాదు. స్కేలు పెట్టి, నీటుగా ఒక్క గీత.

అది నిదానం గీత.

నిదానం అని అందరూ పిలిచే ఆ అమ్మాయి పిచ్చుక బెంచీలోనే కూర్చుంటుంది. చదివేటప్పుడు లైను కింద వేలు పెట్టుకుని ఒక్కో మాటా చదువుతుంది. అక్షరాలు కుదురుగా ఉండవని, కదులుతాయని అంటుంది. గాజు కొండ మొదటి భాగం చదవడానికి ఆమెకి మూడు నెలలు పట్టింది. ఆమె జీవితంలో మొదటి నుంచి చివరిదాకా చదివిన మొదటి పుస్తకం అదే. తర్వాత రెండోది, మూడోది, నాలుగోది. వేరే పుస్తకమేదీ ముట్టుకోలేదు. ఒక్కో అధ్యాయం అవగానే ఇద్దరూ మెట్ల మీద కూర్చుని దాని గురించే మాట్లాడుకునేవాళ్ళు.

పిచ్చుక గుండెలో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది. ‘పోనీలే, ఏడవకుండా తప్పించుకుంది,’ అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

సాయంత్రం టీచర్ పిలిచి పుస్తకం మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టింది.

"ఇవాళ తీసుకోవడానికి ఒక్కరూ రాలేదు. సోమవారం దాకా నీ దగ్గరే ఉంచుకో," అంది. "అన్నట్టు, పదకొండో అధ్యాయం గురించి రాశావు. చివరి అధ్యాయం గురించి ఒక్క ముక్కా రాయలేదేం?"

పిచ్చుక నేల చూపులు చూస్తూ బయటికొచ్చింది.

పిచ్చుక వాళ్ళ నాన్న టైలర్. శనివారం స్కూల్ ఉండదు కాబట్టి ఆమె పొద్దున్నే షాపులో ఉంటుంది. నాన్న కుడుతుంటే ఆమె గట్టిగా కథ చదివి వినిపిస్తుంది. నాలుగు భాగాలూ నాన్న అలాగే విన్నాడు. మిషన్ చప్పుడు ఆగిందంటే కథ మంచి పట్టులో ఉన్నట్టు లెక్క.

"ఏమ్మా, ఇవాళ మొదలుపెట్టవా? మన నక్కగారు ఎలా ఉన్నారు?" అని నాన్న అడిగాడు.

"పోయింది. కథ అయిపోయింది."

నాన్న బల్ల మీదున్న పుస్తకాన్ని చూశాడు. పిచ్చుక పెట్టుకున్న గుర్తు కాగితం సరిగ్గా మధ్యలో ఉంది.

"అయిపోతే మిగతా సగంలో ఏముంది? తెల్ల కాగితాలా?"

"నాన్నా, నువ్వు ఊరుకో!"

అంతలో ఒక పెద్దాయన విసురుగా షాపులోకి వచ్చాడు. వస్తూనే హ్యాంగర్‌కి ఉన్న నల్ల కోటు లాగి చూసుకున్నాడు. దాని నిండా తెల్లదారంతో తాత్కాలికంగా వేసిన కచ్చా కుట్లు ఉన్నాయి. ఒక వైపు చెయ్యి ఉంది. రెండో వైపు లేదు.

"ఇదేం కోటయ్యా!" అని గోల పెట్టాడు. "ఒంటి చెయ్యి కోటా? నా కూతురి పెళ్ళికి ఇదేసుకుని వెళ్ళాలా? నీ దగ్గర ఎవ్వరూ కుట్టించుకోవద్దని వీధి వీధంతా చెప్తాను!"

నాన్న సూది నోట్లోంచి తీసి పక్కన పెట్టాడు.

"సార్, మిమ్మల్ని మంగళవారం రమ్మన్నాను. ఇవాళ శనివారం. రెండో చెయ్యి ఇదిగో, నా ఒళ్ళోనే ఉంది. మీరు కూర్చుంటే కొలత కూడా చూసుకుందాం."

పెద్దాయన నాన్న ఒడిలోని చేతిని చూశాడు. కోటును చూశాడు. "ఓహో, ఇంకా కుడుతున్నావా?" అని బుర్ర గోక్కున్నాడు. కొలత ఇచ్చి, వచ్చినంత విసురుగానే వెళ్ళిపోయాడు.

ఆయన అలా మలుపు తిరిగాడో లేదో, పిచ్చుక పొట్ట పట్టుకుని నవ్వింది.

"చూశావా నాన్నా! సగం కోటు చూసి వీధంతా చెప్తాడట! పూర్తవకుండానే అలా ఎలా..."

నవ్వు మధ్యలో ఆగిపోయింది. నాన్నకి నోట్‌బుక్ సంగతేమీ తెలియదు. ఆయన దారం ఎక్కించుకుంటున్నాడు.

పిచ్చుక కాసేపు గోళ్ళు కొరుక్కుంది. తర్వాత మెల్లగా పుస్తకం దగ్గరికి లాక్కుని, అంతవరకు జరిగిన కథ నాన్నకి నాలుగు ముక్కల్లో చెప్పి, పన్నెండో అధ్యాయం తీసి గట్టిగా చదవసాగింది.

పన్నెండు, పదమూడు, పద్నాలుగు. ఆమె చదువుతూనే ఉంది. పదిహేనులో మిషన్ ఆగింది. మళ్ళీ మొదలవలేదు. మధ్యాహ్నం తిండి సంగతి కూడా ఇద్దరికీ గుర్తు రాలేదు.

ఆ అధ్యాయాల్లో ఏం జరిగిందో మీకు నేను చెప్పను. చెప్తే నేనూ పిచ్చుక చేసిన పనే చేసినట్టు. పంతొమ్మిదో అధ్యాయంలో మాత్రం నాన్న కళ్ళజోడు తీసి, కోటు చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. పిచ్చుక "అమ్మయ్య! అమ్మయ్య! అమ్మయ్య!" అని కుర్చీ మీద గెంతింది. దీన్నిబట్టి మీరేమైనా ఊహించుకుంటే నా పూచీ లేదు.

చివరి పేజీ అయింది. పిచ్చుక పుస్తకాన్ని గుండెలకి హత్తుకుని ఉన్నట్టుండి బిగుసుకుపోయింది.

"నాన్నా, నేను చాలా పెద్ద తప్పు చేశా."

నోట్‌బుక్ సంగతి, టిక్ సంగతి, స్కేలు పెట్టి గీసిన గీత సంగతి, అన్నీ చెప్పేసింది. నిదానానికి ఇంక ఆ పుస్తకం చదివే ఆనందం లేకుండా తనే చేసేసిందని వెక్కి వెక్కి ఏడ్చింది. నక్క పడిపోతుందని ముందే తెలిసిపోయాక ఇంకేం మిగిలింది?

నాన్న తిట్టలేదు. చెప్పులు ఆమె కాళ్ళ దగ్గరికి జరిపాడు.

"ఆ అమ్మాయి ఇల్లు పక్క వీధేగా? వెళ్ళి చెప్పిరా."

నిదానం వాళ్ళ ఇంటి మెట్ల మీద కూర్చుని రంగు పెన్సిళ్ళు చెక్కుకుంటోంది. పిచ్చుక రొప్పుతూ వచ్చి ఎదురుగా నిలబడింది.

"నువ్వు నోట్‌బుక్‌లో నేను రాసింది ఎంతవరకు చదివావ్?"

నిదానం ఆలోచించింది. ఆమె ఏ ప్రశ్నకైనా ఆలోచించే జవాబు చెప్తుంది. ఈలోపు పిచ్చుక ప్రాణం పోయేలా ఉంది.

"మొదటి లైను," అంది చివరికి.

"ఒక్క లైనేనా? ఒట్టు?"

"ఒట్టు. నీ రాత కోడి గెలికినట్టు ఉంటుందిగా. అంతవరకు చదవడానికే నాకు చాలాసేపు పట్టింది. ‘ఎవ్వరూ చదవొద్దు’ అన్నావు. నువ్వే అన్నాక ఇంకేముంది, కొట్టేశా."

"మరి మిగతావాళ్ళు? నీకేం చెప్పలేదా?"

"బస్సులో దాని గురించే ఏదో అరుచుకుంటున్నారు. నేను లేచి డ్రైవర్ పక్కకి వెళ్ళిపోయా. ఆ కథ మాటెత్తితేనే ఏడుపొచ్చేలా ఉంది."

పిచ్చుక ఉన్నచోటే మెట్టు మీద కూలబడింది. గుండెల మీంచి పెద్ద బండ దిగినట్టయింది. నిదానం నిదానంగా చదివినందుకు ఆమెకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

"మా అమ్మతో కూడా చెప్పేశా," అంది నిదానం పెన్సిల్ చెక్కుతూనే. "నేను చదవగలిగే పుస్తకాలు ఇంక అయిపోయాయని."

ఆ మాటకి పిచ్చుక తల దించుకుంది.

"నేను పూర్తిగా చదవలేదే. సగం చదివి టిక్ పెట్టా. అబద్ధం పెట్టా. ఇవాళే మిగతాది చదివా. చాలా చాలా బాగుంది."

నిదానం చెక్కడం ఆపింది.

"అంటే, నువ్వు చదవకుండానే నన్ను ఆపేశావా?"

"ఊఁ."

నిదానానికి కోపం కూడా నెమ్మదిగానే వచ్చింది, నెమ్మదిగానే పోయింది. అంతసేపూ పిచ్చుక కదలకుండా కూర్చుంది. మధ్యలో ఒక్క మాట కూడా అడ్డుపెట్టలేదు.

"సోమవారం లిస్టులో మళ్ళీ నా పేరు నువ్వే రాయాలి," అంది నిదానం. "కోడి గెలికినట్టు కాదు. గుండ్రంగా."

సోమవారం మొదటి బెల్లుకి ముందే పిచ్చుక లైబ్రరీలో ఉంది. జరిగిందంతా టీచర్‌కి చెప్పింది. టీచర్ తెల్ల కాగితం, జిగురు సీసా ముందుకు జరిపింది. పిచ్చుక పాత రాత మీద కాగితం అంటించి, దాని మీద గుండ్రటి అక్షరాలతో రాసింది:

‘శుక్రవారం నేను అబద్ధపు టిక్ పెట్టాను. అప్పటికి సగమే చదివాను. ఇప్పుడు మొత్తం చదివాను. మధ్యలో చాలా ఏడుపొస్తుంది. అక్కడ మాత్రం పుస్తకం మూసేయకండి.’

తర్వాత పేర్లు కొట్టేసిన మిగతా ఎనిమిదిమంది దగ్గరికీ వెళ్ళి, నిదానం ముందు నోరు జారొద్దని గడ్డం పట్టుకుని బతిమాలింది. వాళ్ళలో అయిదుగురు ఆ రోజే మళ్ళీ పేర్లు రాయించుకున్నారు. మిగతా ముగ్గురూ చూద్దాంలే అన్నారు.

ఆ పైన పిచ్చుకకి కష్టకాలం మొదలైంది. నిదానం రోజుకి కొంచెం చదివేది. "దొంగ వంతెన భలే ఉంది కదా!" అనేది. వంతెన దాటాక ఏముందో పిచ్చుకకి తెలుసు. నాలుక దురద పెట్టేది. పెదాలు బిగించుకుని "ఊఁ, భలే ఉంది," అని ఊరుకునేది.

మూడో వారంలో ఒక రోజు అన్నం బెల్లు కొట్టాక నిదానం లైబ్రరీ మూల కుర్చీలో కనిపించింది. పుస్తకం సగం మూసి ఉంది. వేలు మాత్రం ఇంకా లోపలే ఉంది. కళ్ళ నిండా నీళ్ళు.

"దీపం నక్క..." అంది. "నిజంగా చచ్చిపోయిందా? చెప్పవే. చెప్తేనే చదువుతా."

పిచ్చుక నోరు తెరిచింది. ఒక్క మాట అంటే చాలు, విషయం తేలిపోతుంది. ఆ ఒక్క మాటా నాలుక చివరే ఉంది.

పిచ్చుక నోరు మూసుకుంది. ఇంకో కుర్చీ లాక్కుని నిదానం పక్కన ఆనుకుని కూర్చుంది.

"నువ్వు చదువు. నేను ఇక్కడే ఉంటా."

"నాకు చాలాసేపు పడుతుంది. నువ్వు ఆడుకోవడానికి వెళ్ళవా?"

"పట్టనీ."

నిదానం చేత్తో కళ్ళు తుడుచుకుంది. పన్నెండో అధ్యాయం తీసి, మొదటి మాట కింద వేలు పెట్టింది. వేలు మెల్లగా కదిలింది. ఒక మాట, ఇంకో మాట, మరో లైను. బయట మైదానంలో పిల్లలు కేకలు పెడుతున్నారు. పిచ్చుక కిటికీ వైపు చూడలేదు. ఆమె చూపంతా ఆ వేలి మీదే ఉంది.

వేలు చివరి లైను దాటాక, పిచ్చుక చెయ్యి చాపి పేజీ తిప్పింది.