వరస అయ్యాక

"అన్నం చల్లారిపోతోంది, రావే పిచ్చుకా" అని ఎన్నోసారో పిలిచాను. లోపలి గదిలోంచి "ఊఁ" అన్న మూలుగు తప్ప జవాబు లేదు.

మా అమ్మాయికి పిచ్చుక అని పేరు పెట్టింది వాళ్ళ నానమ్మ. ఒక్కచోట కుదురుగా ఉండదు కదా, అందుకని. అలాంటి పిల్ల ఆ ఆదివారం పొద్దున పాలు తాగి మంచమెక్కింది, మధ్యాహ్నమైనా దిగలేదు. గోడకి చేరబడి, మెడ వంచి, ఒళ్ళో ఊలు శాలువా పెట్టుకుని అల్లుతూనే ఉంది. కిటికీ తలుపు కూడా తియ్యలేదు.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడెంచడం దగ్గరే ఆగిపోయే రకం. పిల్ల తుమ్మితే జ్వరమేమో అనుకుంటాను. స్కూలు నుంచి కాస్త ఆలస్యమైతే వీధి గుమ్మం వదలను. ఇక ఎగిరే పిల్ల ఇలా బొమ్మలా కూర్చుండిపోతే నాకు ముద్ద దిగుతుందా?

ఆ శాలువా నానమ్మది. తాతయ్య కోసం మొదలుపెట్టారు. సగమయ్యేసరికి జబ్బు పడ్డారు, మరి లేవలేదు. పోయేముందు కొక్కెం సూది పిచ్చుక చేతిలో పెట్టి, "మిగతాది నువ్వల్లవే. చలి మొదలయ్యేలోపు తాతయ్యకి కప్పాలి" అన్నారు. దానికి అల్లిక నేర్పిందీ ఆవిడే.

ఆవిడ పోయాక తాతయ్యకి మాట తగ్గిపోయింది. వరండాలో కుర్చీలో కూర్చుంటే కూర్చున్నట్టే. పేపరు ఒళ్ళో ఉంటుంది, పేజీ తిరగదు. శాలువా పూర్తయితే తాతయ్య మళ్ళీ మాట్లాడతారని పిచ్చుక నమ్మకం. ఆ సంగతి నాకు చెప్పలేదు. క్లాసులో పక్కన కూర్చునే నేస్తానికి చెప్పిందట. ఆ పిల్లవి లావుపాటి కళ్ళద్దాలు, అందరూ సోడాబుడ్డి అంటారు, తనూ పలుకుతుంది.

నానమ్మ అల్లేటప్పుడు వరస అవగానే సూది కింద పెట్టి లేచి వెళ్ళిపోయేవారు. కాసేపటికి వచ్చి రెండో వరస మొదలుపెట్టేవారు. వీధిలో ఎవరు పోతున్నారో చూడకపోతే నానమ్మకి తోచదని పిచ్చుక నవ్వేది. తను మాత్రం లేవకూడదని పంతం పట్టింది. లేస్తే ఆలస్యం కదా.

ఎట్టకేలకు అన్నానికి వచ్చింది. అన్నం కలపకముందే, కుడిచెయ్యి ఒళ్ళో దాచుకుని, మంచినీళ్ళ గ్లాసు ఎడమ చేత్తో ఎత్తింది. చెయ్యి ఏమైందని అడిగాను. ఏం కాలేదంది. మళ్ళీ అడిగితే, నీకు అన్నీ భయాలేనమ్మా అంది. నిజమే కాబట్టి ఊరుకున్నాను.

మర్నాడు స్కూల్లో పిచ్చుక మెడ తిప్పలేకపోయింది. సోడాబుడ్డి చూసి, "పిచ్చుకవనుకున్నాం, కొంగవెప్పుడయ్యావే?" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. తరవాత డిక్టేషన్ మొదలైంది. పిచ్చుక చేతిలోంచి పెన్ను జారింది. తీసి రాయబోతే మళ్ళీ జారింది. అప్పుడు నవ్వు రాలేదు. టీచరు వచ్చి చెయ్యి పట్టుకుని చూస్తే బొటనవేలి మొదట్లో వాచి ఉంది.

టీచరు ఫోన్ చేసేసరికి నాకు పిల్ల చెయ్యి పడిపోయిందనే తోచింది. పరిగెత్తుకుంటూ వెళ్ళాను. ఆస్పత్రిలో బెంచీ మీద కూర్చున్నాక చూసుకుంటే నా కాళ్ళకి చెరో రకం చెప్పు ఉంది.

డాక్టరమ్మ వేళ్ళు వంచి చూసింది, మణికట్టు నొక్కి చూసింది. రోజూ ఎంతసేపు అల్లుతావని అడిగింది. పిచ్చుక నేల చూపులు చూసింది. ఎముకలకేమీ కాలేదనీ, గంటలకొద్దీ వంగి కూర్చోవడం వల్ల మెడా చెయ్యీ అలిసిపోయాయనీ చెప్పింది డాక్టరమ్మ. వాపు పూర్తిగా తగ్గేదాకా సూది ముట్టుకోవద్దంది. ఆ తరవాతైనా వీపుకి ఆసరా, మంచి వెలుతురు ఉండాలి, మధ్యమధ్యలో లేవాలి అంది.

"చలి వచ్చేస్తుంది కదా" అంది పిచ్చుక మెల్లగా. డాక్టరమ్మకి అర్థం కాలేదు. నాకు అర్థమై కళ్ళు తుడుచుకున్నాను.

ఇంటికి రాగానే పిచ్చుక ఎంత మిగిలిందో చూస్తానని శాలువా తాతయ్య మంచం మీద పరిచింది. పరిచి అలాగే నిలబడిపోయింది. నానమ్మ అల్లినంత మేరా శాలువా మంచం వెడల్పున హాయిగా పరుచుకుంది. పిచ్చుక అల్లిన దగ్గర్నుంచి లోపలికి ముడుచుకుంటూ ముడుచుకుంటూ కుండ మెడలా అయిపోయింది. నొప్పి పుట్టినకొద్దీ సూదిని గట్టిగా పట్టుకుంది. గట్టిగా పట్టుకున్నకొద్దీ కుట్టు బిగిసింది. ఒళ్ళో ముద్దగా పెట్టుకుని అల్లుతుంటే అది కనిపించలేదు.

"నానమ్మది పాడుచేసేశాను" అంది. గట్టిగా ఏడవను కూడా లేదు. అదే నాకు ఎక్కువ భయమేసింది.

తాతయ్య వరండాలోంచి లేచి వచ్చారు. మంచం అంచున కూర్చుని నానమ్మ కుట్ల మీద చెయ్యి వేసి నెమ్మదిగా నిమిరారు. అప్పుడు నోరు విప్పారు.

"వరస మీద వరస అల్లడం మీ నానమ్మకి తెలీదే. ఒకటి అవగానే 'వరస అయిందండీ' అని పిలిచేది. నేను లేవాల్సిందే. తడి విదిలించుకున్నట్టు వేళ్ళు విదిలించుకుంటూ వచ్చి కిటికీ దగ్గర నిలబడేది. చివరి ఇంటి మేడ మీద ఏం ఆరేశారో చెప్పమనేది. దూరం చూస్తే కళ్ళకి విశ్రాంతట. అల్లేది నువ్వు, నేనెందుకే లేవడం అంటే, మీ మోకాళ్ళు మాత్రం బిగుసుకోవా అనేది."

ఆయన మోకాళ్ళు రాసుకున్నారు. "ఇప్పుడు లేపేవాళ్ళు లేరు" అన్నారు.

పిచ్చుక తాతయ్య మోకాళ్ళ వంక చూసింది, తన చెయ్యి వంక చూసుకుంది. "నావన్నీ విప్పేస్తాను తాతయ్యా" అంది.

నాకు ప్రాణం విలవిల్లాడింది. తన కుట్లు విప్పబోయి ఆవిడవి కూడా ఊడిపోతే? ఆ చేతులు మళ్ళీ ఎక్కణ్ణుంచి తెస్తాం? మెడలోని గొలుసుకున్న పిన్నీసు తీసి నానమ్మ చివరి కుట్టులో గుచ్చాను. పిచ్చుక ఎడమ చేత్తో ఊలు లాగింది, తాతయ్య ఉండ చుట్టారు. వంకీలు తిరిగిన ఊలు ఎన్నో రోజుల కష్టం. పిన్నీసు దగ్గరికి వచ్చాక పిచ్చుక ఆగింది. ఆ కుట్టుని వేలితో ఒకసారి తాకి చూసుకుంది.

వాపు తగ్గేలోపే చలి వచ్చింది. తాతయ్య పాత దుప్పటి కప్పుకున్నారు. పిచ్చుక సూదిని ముట్టుకోలేదు, ఎంత పడుకోవాలో అంత పడుకుంది, స్కూలుకెళ్ళింది, రోజూ ఒకసారి పిన్నీసు ఉందో లేదో చూసుకుంది.

డాక్టరమ్మ సరేనన్న రోజు సాయంత్రం వెలుతురుండగానే కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కుంది. వీపు వెనక దిండు పెట్టుకుంది, కాళ్ళ కింద చిన్న పీట వేసుకుంది. పిన్నీసు తీసి నాకిచ్చి, అల్లడం మొదలుపెట్టింది. నేను గుమ్మం చాటునుంచి చూస్తున్నాను. వరస పూర్తయింది. ఇప్పుడేం చేస్తుందోనని ఊపిరి బిగబట్టాను.

సూది కింద పెట్టింది. వేళ్ళు విదిలించింది.

"తాతయ్యా, వరస అయింది."

వరండాలో కుర్చీ కిర్రుమంది. తాతయ్య గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేస్తూ వచ్చారు.

"ఆ చివరి ఇంటి మేడ మీద ఏం ఆరేశారు?" అని అడిగింది పిచ్చుక.

"ఎర్ర దుప్పటి."

"అది తువ్వాలు తాతయ్యా."

"మీ నానమ్మా ఇంతే, నా మాట ఎప్పుడు ఒప్పుకుంది గనక" అన్నారు.

శాలువా ఇంకా చాలా మిగిలే ఉంది. ఇద్దరూ తొందరపడలేదు. కిటికీ దగ్గర, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి, దూరం చూస్తూ నిలబడ్డారు.