లోపలి గడియ

ఆ ఇల్లాలికి మొగుడి మీద ఉన్న ఫిర్యాదు చాలా చిన్నది. ఆయన తాగడు, పేకాడడు, పరాయి ఆడవాళ్ల వంక చూడడు. ఒకవేళ చూసినా, ప్రయాణం సుఖంగా సాగిందా అని అడగడానికే చూస్తాడు. ఆయనకున్న రోగమల్లా ఒక్కటే. ‘గదులు ఖాళీ లేవు’ అనే మాట ఆయన నోట పలకదు. ఎవరైనా లాంచీ దిగి, సంచీ భుజాన వేసుకుని, కాస్త దీనంగా మొహం పెడితే చాలు, “సర్దుకుందాం రండి” అంటాడు. రావడం వాళ్ల పని, సర్దుకోవడం ఇంట్లోవాళ్ల పని. అందుకే దీవి మొత్తం ఆయన్ని సర్దుబాటుగారు అని పిలుస్తుంది. ఆయన దాన్ని బిరుదు అనుకుంటాడు.

రేవుకి ఎదురుగా, కాస్త ఎత్తు మీద ఉంది వాళ్ల ఇల్లు. మామగారు కట్టినప్పుడు అది అచ్చంగా ఇల్లే. తర్వాత ముందు గదులు రెండూ అతిథులకిచ్చారు. కిటికీలోంచి సముద్రం బాగా కనిపిస్తుందని అత్తగారి గదికి ఎసరు వచ్చింది. ఆవిడ మంచం వంటింటి పక్క వసారాలోకి చేరింది. మిగిలింది మొగుడూ పెళ్లాల గది, కూతురి గది. కూతురు పట్నంలో ఉద్యోగంలో చేరాక, ఆ గది కూడా అడపాదడపా సర్దుబాటుకి గురవుతూనే ఉంది.

ఆ ఉదయం ఇల్లాలు పెరట్లో దుప్పట్లు ఆరేస్తోంది. దీవిలో దుప్పటి ఆరడమంటే మాటలు కాదు. ఎండ ఆరబెట్టినదాన్ని ఉప్పుగాలి మళ్లీ తడుపుతుంది. మాటిమాటికీ తిరగెయ్యాలి. ఆవిడ ఆ రోజు వాటిని తిరగేస్తున్న తీరు చూస్తే, దుప్పట్లు ఏదో పెద్ద నేరమే చేశాయనిపిస్తుంది.

అత్తగారు గుమ్మంలో కూర్చుని చిక్కుళ్లకి ఈనెలు తీస్తూ, “లాంచీ కూత వినబడింది. పిల్ల వచ్చేసినట్టే. దాని గది ఊడ్చావా అమ్మాయ్?” అంది.

“నిన్ననే ఊడ్చాను అత్తయ్యా. దానికోసం కాదులెండి.”

అత్తగారి చేతిలో చిక్కుడుకాయ పుటుక్కున విరిగింది. “మళ్లీనా?”

మళ్లీనే. ముందురోజు లాంచీలో ఒక రిటైరైన జంట, పక్షుల్ని చూడ్డానికట, అతిథుల గదులు మూడూ అప్పటికే నిండి ఉండగా చెప్పాపెట్టకుండా దిగారు. కూతురు మర్నాడు వస్తుందని సర్దుబాటుగారికి తెలుసు. కడుపులో కణితికి ఆపరేషన్ అయిందనీ, కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయనీ, హాస్టల్ గదిలో నలుగురి మధ్య పడుకోలేక ఇంటికొస్తోందనీ తెలుసు. అన్నీ తెలిసే, “మన పిల్లే కదా, సర్దుకుంటుంది” అన్నాడు. ఇల్లాలు ఆయనతో పోట్లాడింది. పోట్లాడుతూనే కూతురి పక్కబట్టలు మడతపెట్టింది, మంచం మీద అతిథుల దుప్పటి పరిచింది. సామాన్ల గదిలో, ఉల్లిపాయల బస్తాకీ గ్యాసు సిలిండర్‌కీ మధ్య, కూతురికి మడత మంచం వేసింది. ఆ గదికి తలుపు లేదు. గుమ్మానికి ఒక తెర వేలాడుతుంది, అంతే.

చేతులు తుడుచుకుని ఆవిడ వాకిట్లోకి వెళ్లేసరికి, కింద రేవులో లాంచీ ఆగింది. సర్దుబాటుగారు తోపుడుబండితో సిద్ధంగా ఉన్నాడు. తలకి శాలువా చుట్టుకున్న ఒక మనిషి పొట్ట మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా దిగింది. ఆయన ఆమె చేతిలోని సంచీ అందుకుని, బండిలో పెట్టి, రోజూ చదివే పాఠం అందుకున్నాడు. “మా దీవికి స్వాగతం అండీ. మంచినీళ్లు పడవలో రావాలి, కాస్త పొదుపుగా వాడండి. వేడినీళ్లు పొద్దున్న మాత్రమే...”

“నాన్నా, నేను.”

“తెలుసులేవే! అలవాటు కొద్దీ వచ్చేసింది” అని ఆయన గట్టిగా నవ్వాడు. లాంచీ నడిపే సరంగు కూడా నవ్వాడు. కూతురు నవ్వలేదు.

ఇంట్లోకి వచ్చాక ఆ పిల్ల అలవాటుగా తన గది వైపే నడిచింది. తలుపు తెరిచే ఉంది. అతిథులు టీ తాగుతూ వరండాలో ఉన్నారు. లోపల పరాయి చెప్పులు, పరాయి దువ్వెన, కిటికీలో ఆరేసిన పరాయి సాక్సు. ఆమె లోపలికి వెళ్లలేదు. తలుపు లోపలివైపు మెరుస్తున్న ఇత్తడి గడియ దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. వేలితో అటూ ఇటూ జరిపింది. అది మెత్తగా, చప్పుడు లేకుండా జరిగింది.

“ఎప్పుడు పెట్టారు?”

“నిన్న సాయంత్రం. గడియ లేని గదిలో నిద్రపట్టదని ఆ వచ్చినావిడ అంటే, నాన్న అప్పటికప్పుడు బిగించారు” అంది ఇల్లాలు. చెబుతూ చెబుతూనే ఆవిడ గొంతు సన్నబడింది.

ఎందుకంటే ఆ గడియ ఆ పిల్ల హైస్కూల్లో ఉన్నప్పటి నుంచీ అడుగుతోంది. స్నానాలగది అనుకుని ఎవరో ఒక అతిథి తలుపు తోసుకొచ్చినప్పుడల్లా అడిగింది. తెల్లవారుజామున లేపి, మంచం ఖాళీ చెయ్యమన్నప్పుడల్లా అడిగింది. “మన ఇంట్లో మనకి గడియెందుకే?” అనేవాడు తండ్రి. మరీ పట్టుబడితే, రేపు బిగిస్తాననేవాడు. ఆ రేపు నిన్న సాయంత్రం వచ్చింది, ఇంకెవరికోసమో.

కూతురు సామాన్ల గదిలోకి వెళ్లింది. మడత మంచం చూసింది, ఉల్లిపాయల బస్తా చూసింది. సంచీ పక్కన పెట్టి మెల్లగా ఒరిగింది. అరిస్తే బాగుండుననిపించింది తల్లికి.

కాసేపయ్యాక కుట్లు ఎలా ఉన్నాయో చూద్దామని ఇల్లాలు గోరువెచ్చని నీళ్లు, దూది తెచ్చింది. కూతురు జాకెట్టు కాస్త పైకి లాక్కుంది. కట్టు విప్పి దూదితో తుడుస్తుండగా, చప్పుడు లేకుండా తెర పక్కకి జరిగింది.

“అమ్మగారూ, ఇంకో తువ్వాలు...” పక్షులాయన. మెడలో దుర్భిణీ వేలాడుతోంది. లోపలి దృశ్యం చూసి నాలుక కరుచుకున్నాడు. “అయ్యో, క్షమించండి, సామాన్ల గది అనుకుని...” అంటూ వెనక్కి తగ్గాడు.

ఆయన తప్పేమీ లేదు. అది సామాన్ల గదే.

కూతురు జాకెట్టు కిందికి లాక్కుంది. మొహం కందగడ్డలా అయింది. “అమ్మా, మధ్యాహ్నం లాంచీకి వెళ్లిపోతాను.”

“పిచ్చిదానా, ఇలాంటి ఒంటితోనా?”

“ఇలాంటి ఒంటితోనే వచ్చాగా!” ఈసారి గొంతు ఇల్లంతా వినబడింది. “ఆసుపత్రిలో కూడా మంచం చుట్టూ తెరే అమ్మా. కానీ అక్కడ వచ్చేవాళ్లు బయట నిలబడి, ‘లోపలికి రావచ్చా’ అని అడిగి వచ్చేవాళ్లు!”

సర్దుబాటుగారు పరుగెత్తుకొచ్చాడు, వేలు పెదాల మీద పెట్టుకుని. “మెల్లగా, మెల్లగా! అతిథులు వింటారే!”

“విననీ! నేను ఎవరి గదిలో పడుకోవాలో వాళ్లకీ తెలియనీ!”

“ఇప్పుడేమైందని? వచ్చే వారం వాళ్లు వెళ్లిపోతారు. అంతవరకు కాస్త...”

“సర్దుకోవాలి. అంతేగా? ఆపరేషన్ రోజు నువ్వు రాలేదు. ‘ఇంటినిండా అతిథులు, ఎలా రమ్మంటావు’ అన్నావు. సర్దుకున్నాను. అమ్మ వచ్చింది, మర్నాడే వంటకి మనిషి లేదని కబురు పెట్టి లాగేసుకున్నావు. పక్కమంచం ఆవిడ నాకు నీళ్లు తాగించింది నాన్నా. అదీ సర్దుకున్నాను. ఇంకా నాలో సర్దడానికి ఏముంది?”

“ఈ అతిథులే నిన్ను చదివించారే! ఈ మంచాలే నీకు అన్నం పెట్టాయి! అది మర్చిపోయి...” ఆయన గొంతు కూడా లేచింది. అతిథులు వింటారన్న సంగతి ఆయనే మర్చిపోయాడు.

“మర్చిపోలేదు. అందుకే ఇన్నేళ్లు లేచి మంచం ఇచ్చాను. ఒక్కసారి నాకోసం ఎవరికైనా లేదని చెప్పావా? ఒక్కసారి?” కూతురు రొప్పుతూ తల్లి వైపు తిరిగింది. “నువ్వూ అంతే. నాన్న మాట ఇస్తాడు, నువ్వు గొణుగుతావు. గొణుగుతూనే నా పక్కబట్టలు మడతపెడతావు.”

ఇల్లాలి చేతిలో దూది అలాగే ఉండిపోయింది. మొగుడి మీద పోగేసుకున్న కోపమంతా ఒక్కసారిగా చుట్టూ తిరిగి వచ్చి ఆవిడకే తగిలింది. దూది పారేసి, కట్టు మళ్లీ జాగ్రత్తగా వేసి, లేచి, నేరుగా కూతురి గదిలోకి వెళ్లింది.

పక్షుల జంట అప్పటికే ఒడ్డుకి వెళ్లిపోయారు. పాపం, మర్యాద తెలిసినవాళ్లు. ఇల్లాలు కిటికీలోని సాక్సు తీసింది. చొక్కాలు, చీరలు ముడత పడకుండా మడతపెట్టింది. మడతపెట్టడంలో ఆ దీవిలో ఆవిడని మించినవాళ్లు లేరు. చెప్పులూ, దువ్వెనా, పక్షుల పుస్తకాలూ అన్నీ ఎత్తి తమ పడకగదిలో పెట్టడం మొదలెట్టింది.

సర్దుబాటుగారు వెనకే తిరుగుతున్నాడు. “ఏమిటే ఇది? అతిథుల సామాన్లు ముట్టుకుంటావా? పరువు తీస్తావా నాది?”

“వాళ్లని పంపించెయ్యట్లేదు. మన గదిలో సర్దుతున్నాను. మంచం పెద్దది, సముద్రం కూడా కనిపిస్తుంది.”

“మరి మనం?”

“నేను అత్తయ్య పక్కన. మీరు ఉల్లిపాయల పక్కన.”

“నీకు మతిపోయిందా? నా నడుంనొప్పి సంగతి తెలుసుగా నీకు!”

“పచ్చి కుట్లతో అది పడుకోగలదని నిన్న మీరేగా అన్నారు. నడుంనొప్పితో మీరు పడుకోలేరా?” ఆవిడ దుప్పటి ఒక్క ఊపున లాగేసింది. “చెయ్యి తియ్యండి. దారిలో నిలబడి తీర్పులు చెప్పకండి.”

“అమ్మా, నువ్వైనా చెప్పు దీనికి!” అని ఆయన వసారాలోకి చూసి కేకపెట్టాడు.

చిక్కుళ్ల పళ్లెం పక్కన పెట్టింది అత్తగారు. “ఏం చెప్పమంటావురా? మీ నాన్న కట్టింది ఇల్లు. అందులో నాకు ఒక కిటికీ ఉండేది. నువ్వొచ్చి, ‘అమ్మా, ఒక్క వారం’ అన్నావు. ఆ వారం ఇంకా అవలేదు. నేను నోరు మూసుకున్నాననే ఇప్పుడు మనవరాలి గది మీదకొచ్చావు.” ఆవిడ మాటలో తడి లేదు, మంటే ఉంది. సర్దుబాటుగారు చేతులు కిందికి దించాడు.

ఈలోగా కూతురు సంచీ పట్టుకుని సామాన్ల గదిలోంచి బయటికొచ్చింది. రేవు వైపు వెళుతుందేమోనని ఇల్లాలు దుప్పటితో సహా బయటికి వచ్చేసింది. ఆ పిల్ల ఖాళీ అయిన తన గది ముందు ఆగింది. పరుపు మీద దుప్పటి కూడా లేదు. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. గడియ చప్పుడు చెయ్యలేదు కానీ, పడిందని అందరికీ తెలిసింది.

“తలుపు తియ్యవే” అని ఆయన చెక్క మీద చెయ్యి వేశాడు.

“లాంచీ వచ్చేదాకా పడుకుంటాను. తర్వాత మీ అతిథుల గది మీకు ఖాళీ” అంది లోపలినుంచి.

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ భోజనం చెయ్యలేదు. అతిథులు మాత్రం తిన్నారు, తలలు వంచుకుని, ఉప్పు కావాలని కూడా అడగకుండా. లాంచీ కూత వేసింది. సర్దుబాటుగారు తోపుడుబండి తీసుకెళ్లలేదు. వరండా స్తంభానికి ఆనుకుని, మూసిన తలుపుకేసి చూస్తూ కూర్చున్నాడు.

బండి రాకపోయేసరికి, దిగిన ప్రయాణికుడు తనే సంచీ మోసుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. చెమటలు కక్కుతున్నాడు. మొహం ఎంత దీనంగా ఉండాలో అంత దీనంగా ఉంది. “గది దొరుకుతుందాండీ? ఒక్క మూల చాలు. ఎక్కడైనా సర్దుకుంటాను.”

ఇల్లాలు వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. అత్తగారు పళ్లెం మీంచి తల ఎత్తింది. మూసిన తలుపు వెనక మంచం కిర్రుమని ఊరుకుంది.

సర్దుబాటుగారి నోరు అలవాటుగా తెరుచుకుంది. “సర్...” అని ఆగింది. ఆయన గొంతులో ఎముక ఇరుక్కున్నవాడిలా మెడ అటూ ఇటూ తిప్పాడు.

“లేదండీ” అన్నాడు. “గదులు ఖాళీ లేవు. మా అమ్మాయి వచ్చింది. పైన చర్చి పక్క ఇంట్లో అడగండి, వాళ్లకి ఉండచ్చు.”

వచ్చినవాడు సంచీ ఎత్తుకుని వెళ్లిపోయాడు. ఆకాశం విరిగి మీద పడలేదు. ఇల్లాలికి చప్పట్లు కొట్టాలనిపించింది గానీ, ఇంకా కోపంలోనే ఉన్న సంగతి గుర్తొచ్చి ఊరుకుంది.

కింద సరంగు మరోసారి కూత వేశాడు, ఎక్కేవాళ్లు ఎక్కండని. సర్దుబాటుగారు లేచి తలుపు దగ్గరికి వెళ్లాడు. నుదురు చెక్కకి ఆనించి ఏదో గొణిగాడు.

“వినబడట్లేదురా” అంది అత్తగారు వసారాలోంచి. “దానిమీద అరిచినప్పుడు రేవుదాకా వినబడింది.”

వరండాలో పక్షుల జంట టీ కప్పులు పట్టుకుని బొమ్మల్లా కూర్చున్నారు. ఆయన వాళ్ల వైపు చూశాడు. ఇల్లాలి వైపు చూశాడు. ఆవిడ కళ్లు దించలేదు.

“గడియ తియ్యకు తల్లీ” అన్నాడు ఆయన గట్టిగా, ఇల్లంతా, వాకిలంతా, అతిథులంతా వినేలా. “నీకు తియ్యాలనిపించినప్పుడే తియ్యి. ఇది అతిథుల గది కాదు, నీ గది. పరాయివాళ్లకి ఒక్క పూటలో బిగించిన గడియ నీకు ఇన్నేళ్లు బిగించలేదు. మనవాళ్లే కదా అని మనవాళ్లనే తొక్కుకుంటూ పోయాను. తప్పు నాదే. నాదే తప్పు.”