మనిషిని వెతికే గాలి

గది చల్లబడనిస్తే మా ఆవిడ ఊపిరితిత్తులు తట్టుకోలేవని డాక్టరు చెప్పాడు. ఇల్లంతా వెచ్చగా ఉంచే స్తోమత నాకెక్కడిది? ఒక్క గదికే వేడిగాలీ చల్లగాలీ ఇచ్చే ఏసీ పెట్టించాను.

"తలుపు సందులో గుడ్డ కుక్కండి బాబాయ్. పరదాలు తియ్యకండి. ఊరికే ఆపడం, వెయ్యడం చెయ్యకండి. కరెంటు కలిసొస్తుంది," అన్నాడు మెకానిక్. "దీనికి కన్నుంది. ఒంటి వేడి పసిగట్టి, మనిషున్న వైపే గాలొచ్చే రెక్క తిప్పుతుంది."

"మా ఆయన కన్నా నయమే," అంది మా ఆవిడ, దగ్గుతూనే.

పరదాలు వేసేసరికి మిట్టమధ్యాహ్నమే గది చీకటైంది. కాలిన దుమ్ము వాసన. రెక్క సన్నగా కిర్రుమంటూ మంచం వైపు తిరిగి ఆగింది. తర్వాత కుర్చీలో ఉన్న నా వైపు. ఆ తర్వాత బీరువా పక్కనున్న మూలకి తిరిగి... అక్కడే ఉండిపోయింది.

అక్కడ ఎవరూ లేరు.

రిమోట్ నొక్కాను. వచ్చినట్టే వచ్చి మళ్లీ మూలకే పోయింది. కుర్చీ ఎక్కి చేత్తో పట్టుకున్నాను. నా వేళ్లని నెట్టుకుంటూ తిరిగింది. మా ఆవిడ పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఇక లాభం లేదని మంచాన్నే ఆ మూలకి ఈడ్చాను.

రెక్క, ఇందాక మంచం ఉన్న చోటికి తిరిగింది.

నాకు ఒళ్లు మండిపోయింది. మా కార్మికుల వాటా కోసం ఫ్యాక్టరీ గేటు ముందు లాఠీదెబ్బలు తిన్నవాణ్ణి నేను. "ఎవడ్రా నువ్వు? అది నా పెళ్లానికి రావాల్సిన వేడి! వదులు!" అని అరిచాను.

"అరవకండి..." గొణిగింది మా ఆవిడ. "పాపం... దానికీ చలేస్తోందట."

"దేనికే?"

మంచం మీదికి వంగాను.

"ఏమే... దేనికి?"

ఆమె చెయ్యి పట్టుకున్నాను. మంచుగడ్డలా ఉంది.

ఆమెను తీసుకెళ్లిపోయారు. కర్మలన్నీ అయ్యాక వచ్చి మళ్లీ ఆ గదిలోనే కూర్చున్నాను. ఇంకెక్కడికి పోను? ఏసీ వేశాను. రెక్క, మొదట మంచం ఉన్న ఆ ఖాళీ చోటికి తిరిగింది. కాసేపు ఆగింది. తర్వాత ఖాళీ మంచం వైపు తిరిగి... అక్కడా ఆగింది.

నా వైపు రాలేదు.

లేచి, దానికి ఎదురుగా నిలబడ్డాను. నన్ను దాటుకుని పోయింది. ఇటు జరిగాను. దాటుకుని పోయింది.

నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను.

వెచ్చగానే ఉంది.