రెండిండ్ల మోటరు

పొద్దున్నే బిందె చంకన పెట్టుకుని వెళ్లిన భాగ్యకు ఎదురింట్లో మళ్లీ అదే మాట ఎదురైంది. "ఇంట్ల బాయి పెట్టుకొని మా నల్లా కాడికి వస్తున్నరేంది?" నవ్వేసి ఊరుకుంది గానీ ఒళ్లు మండిపోయింది.

బావిలో నీళ్లకు కొదవ లేదు. మోటరే మొరాయించింది. కిందటేడు భాగ్య మొగుడు ఐలేశ్, అతని తమ్ముడు గణేశ్ వేరుపడ్డప్పుడు ఇల్లు, పొలం పంచుకున్నారు, బావిని మాత్రం పొత్తులో ఉంచారు. ఒకరు పాడుచేశారని ఇంకొకరు గొడవకు రాకుండా, మోటరు పైకి తీసేటప్పుడు రెండిళ్ల వాళ్లూ తాడు పట్టాలని పెద్దమనుషులు తీర్పు చెప్పారు. ఇప్పుడు ముందు పిలిచినవాడు తగ్గినట్టే అని ఇద్దరూ బిగుసుకు కూర్చున్నారు. వీళ్ల పౌరుషాలకు నీళ్లు మోసేది మాత్రం పెళ్లాలు!

ఇంటికొచ్చేసరికి ఐలేశ్ ఫోను పెట్టేస్తున్నాడు.

"మాపటికి బోరు లారీ వస్తది. ఇగ బాయిల మట్టి పోయిస్త."

"బాయి పూడుస్తవా? తమ్మునితోని ఒక్క మాట మాట్లాడుడు గంత కష్టమా?"

"ఆడు మాట్లాడిండా నాతోని?"

"మీ మాటలు మీరే దాసుకోండ్రి. బాయి మీద మట్టి పడనియ్య."

భాగ్య బిందె దభీమని దింపి, మెకానిక్ టీక్యాకు ఫోను చేసింది. తర్వాత గోడ దగ్గరికెళ్లి గణేశ్ భార్యను కేకేసింది.

"శృతీ, జర రా! మోటరు తీద్దాం, నువ్వు నేను."

శృతి ఒకసారి వెనక్కి తన గుమ్మం వైపు చూసింది. చూసి, కొంగు నడుముకు దోపింది. "పా అక్కా."

టీక్యా వచ్చాడు గానీ జంకాడు. "అన్నలు లేకుంట ఎట్లక్కా? రెండిండ్లోళ్లు పట్టాలన్నరు గదా!"

"రెండిండ్లోళ్లమే నిలబడ్డం. మొగోళ్లే పట్టాలన్నరా?"

"గట్లయితే అనలే," అని తాడు విప్పాడు.

ఐలేశ్ పరుగున వచ్చాడు. "ఇడువు భాగ్యా! నలుగురు నవ్వుతరు!"

"బిందెలు మోస్తుంటే నవ్వనోళ్లు తాడు పడితే నవ్వుతరా? నవ్వనియ్యి!"

మోటరు సగం దాకా వచ్చింది. అంతలో తడితాడు సర్రున జారింది. అరచేతులు కాలిపోతున్నా భాగ్య వదల్లేదు. శృతి కెవ్వుమంది. ఆ కేకకు గణేశ్ గోడ దూకి వచ్చి తాడు పట్టాడు. చూస్తూ నిలబడలేక ఐలేశ్ కూడా పట్టాడు.

"అన్నా, కాలు తన్నిపెట్టు, జారుతది!"

"పట్టిన్రా, నువ్వు గుంజు!"

మోటరు గట్టెక్కింది. టీక్యా అటూ ఇటూ తిప్పి చూశాడు. "మోటరు మంచిగనే ఉందన్నా. కేబులు జాయింటు కాలింది, గంతే." అతను వైరు అతికి టేపు చుడుతుంటే అన్నదమ్ములు తల దించుకున్నారు. మళ్లీ దింపేటప్పుడు ఎవరూ ఎవరినీ పిలవనక్కర లేకపోయింది. స్విచ్ వేయగానే పైపులోంచి నీళ్లు దూకాయి.

గణేశ్ వాళ్లు వెళ్లాక ఐలేశ్ భార్య చేతులు పట్టుకుని, బొబ్బలెక్కిన అరచేతులకు కొబ్బరినూనె రాశాడు. అతని కళ్లు నిండిపోయాయి.

"ఆడు నన్ను అన్నా అన్నడు. ఇన్నవా భాగ్యా?"

భాగ్యకూ లోలోపల సంతోషమే. అయినా బెట్టు వదల్లేదు.

"ఇన్న. ముందుగాల ఆ బోరు లారోనికి రావద్దని చెప్పు."